గొడుగు బొమ్మ చీటీలు

క్రానెవిట్ గారికి అరవై అయిదేళ్ళు నిండబోతున్నాయని మా సంస్కృత శాఖ ఆర్నెల్లుగా పెళ్ళివారిల్లులా హడావిడి పడుతోంది. మా జర్మన్ విశ్వవిద్యాలయాల్లో ప్రొఫెసరు ఆ వయసుకు చేరితే శిష్యులు తలా ఒక వ్యాసం రాసి, అన్నీ కలిపి అట్ట వేయించి, సన్మాన సంపుటమని చేతిలో పెట్టాలి. ఆ వ్యాసాలు ఎవరూ చదవరు. ఎవడిది వాడు చదువుకుని, పక్కవాడిది తనకన్నా ఎన్ని పేజీలు ఎక్కువో చూసుకుంటాడు. అందరూ చూసేది చివర ఉండే జాబితా ఒక్కటే. గురువుగారు ఏ సంవత్సరం ఏం రాశారో అందులో వరసగా ఉంటుంది.

జాబితా పని నా నెత్తిన పడింది. పడక ఎక్కడికి పోతుంది? నలభై ఆరేళ్ళ దాన్ని, పెళ్ళీ పెటాకులూ లేనిదాన్ని, యుద్ధం అయిపోయినప్పటి నుంచి అక్కడే సహాయకురాలిగా పడి ఉన్నదాన్ని. విసుగు పుట్టించే పని ఏదొచ్చినా "ఇర్మ్‌ట్రాట్ పోల్ గారున్నారుగా" అంటారు. ఆ పోల్ గారికి తన పేరుతో ఒక తరగతి చెప్పుకునే హక్కు మాత్రం ఇంతవరకూ లేదు. ఆ హక్కు ఇవ్వాలా వద్దా అన్నదాని మీద సన్మానం అయ్యాక వచ్చే బుధవారమే ప్రొఫెసర్ల సభ ఓటు వెయ్యబోతోంది. క్రానెవిట్ గారు తల ఊపితే వచ్చేస్తుంది, లేకపోతే ఈ జన్మకి లేదు.

జాబితాలో అన్నీ ఉండాలని ఆయన పట్టు. చిన్నదని వదలొద్దన్నారు. పుస్తకాలూ వ్యాసాలూ సరే, కొండలెక్కే సంఘం వారి కరపత్రంలో మేకపిల్ల మీద రాసిన అర పేజీ కూడా వెతికించి పెట్టించారు. ఆయన కలం ఊరుకున్న ఏడాది లేదు. విషజ్వరం వచ్చిన ఏడు కూడా మూడు పుస్తకాల మీద విరుచుకుపడుతూ సమీక్షలు రాశారు. అలాంటి మనిషికి ఒక్క 1935 మాత్రం ఖాళీగా కనిపించింది.

సంపుటం అచ్చు పని చూస్తున్నది ఫోల్కర్ లెంజ్. నాకన్నా పన్నెండేళ్ళు చిన్న, ఇప్పటికే పాఠాలు చెప్పే హక్కు సంపాదించినవాడు. వెళ్ళి అడిగాను.

"ముప్పై అయిదు వదిలెయ్యండి పోల్ గారూ. ఆ ఏడు ఆయనకి ఒంట్లో బాలేదు."

"ఏం జబ్బు?"

"అబ్బ, మీతో పెద్ద చిక్కండీ. అప్పట్లో దేశం మొత్తానికీ ఉన్న జబ్బే అనుకోండి." తన మాటకి తనే నవ్వాడు. "ముప్పై నాలుగు పక్కన ముప్పై ఆరు వేసెయ్యండి. ఎవరు లెక్కపెడతారు?"

నేను లెక్కపెడతాను. క్రానెవిట్ గారు మాకు నేర్పిన చదువే అది. ఒక గ్రంథానికి పది చేతిరాత ప్రతులుంటే పదీ చూడాలి. మనకి నచ్చిన పాఠం పైన పెట్టుకోవచ్చు. కానీ వద్దనుకున్నదాన్ని మాయం చెయ్యకూడదు, ఏ ప్రతిలో ఉందో చెప్పి గీత కింద చిన్న అక్షరాల్లో చూపించాలి. మొదటి తరగతిలోనే బల్ల మీద గుద్ది మరీ చెప్పేవారు, గీత కింద పెట్టనివాడు దొంగ అని.

నోల్టే గారి గదికి వెళ్ళాను. హెడ్‌విగ్ నోల్టే మా శాఖ టైపిస్టు. క్రానెవిట్ గారు ప్రొఫెసరు కాకముందు నుంచీ ఆ కుర్చీలో ఉంది. నల్ల రొట్టె మీద లివర్ సాసేజి ముద్ద రాసుకుంటోంది.

"ముప్పై అయిదా?" అంది తలెత్తకుండా. "ఎందుకు రాయలేదూ, రాశాడు. నేనే టైపు కొట్టా. నాలుగు పేజీలు."

"ఎక్కడ అచ్చయింది?"

"అచ్చేమిటి నీ మొహం! డీన్‌కి పంపాడు." కత్తి పక్కన పెట్టి, కుట్టుపని సంచిలోంచి పసుపుపచ్చ కవరు తీసింది. "మూడు కార్బన్లు పెట్టమన్నాడు. నేను నాలుగు పెట్టా."

"ఎందుకూ?"

"ఏమోనమ్మా. ఇరవై రెండేళ్ళ దాన్ని. చేతికలా తోచింది."

"ఇరవై ఆరేళ్ళు దాచుకున్నారా దీన్ని? ఎవరికీ చెప్పకుండానా?"

నోల్టే గారు నా వంక అప్పుడు చూసింది. "నువ్వు ఇరవై ఆరేళ్ళూ ఎందుకు అడగలేదు?"

కవరు తీసుకుని కిటికీ దగ్గర నిలబడి చదివాను. అడిగినవాడు ఎవరూ లేరు, అధికారులు అడగకముందే ఆయన రాసిచ్చాడు. డాక్టర్ యూలియుస్ హిర్ష్‌లాండ్ యూదుడు కనుక ఆర్యభాషల గురించి జర్మన్ పిల్లలకి చెప్పడానికి పనికిరాడు. ఉద్యోగం తీసెయ్యడమే కాదు, గ్రంథాలయంలోకీ భవనంలోకీ అడుగు పెట్టనివ్వకూడదు. అతను తయారుచేసిన చీటీలన్నీ శాఖ సొత్తు కనుక శాఖలోనే ఉండిపోవాలి. కింద సంతకం, కలం ఒత్తిడికి కార్బన్లో మసకగా దిగింది, అయినా ఆ వంపులు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను.

అరికాలి మంట నెత్తికెక్కింది.

హిర్ష్‌లాండ్ గారు నాకు సంస్కృతం అక్షరాలు దిద్దించిన మనిషి. మొదటి యుద్ధంలో మోకాలికి గుండు తగిలి కుంటుతూ నడిచేవారు. నవ్వితే ముందు భుజాలు కదిలేవి. మృణాలికా కథ అని ఒక చిన్న కథల గ్రంథం ఉంది, దాన్ని సరైన పాఠంతో అచ్చు వేయించాలని పదకొండేళ్ళు కూర్చున్నారు. దానికి అన్నిటికన్నా మంచి ప్రతి తాటాకుల మీద తెలుగు లిపిలో ఉంది. ఆ గుండ్రటి అక్షరాలు చదవగలిగినవాడు అప్పట్లో మా రాష్ట్రం మొత్తానికి ఆయనొక్కడే. నాకూ నేర్పారు. ఆయన తండ్రికి గొడుగుల దుకాణం ఉండేది. అది మూతపడ్డాక మిగిలిన ఆర్డరు ఫారాలు కత్తిరించుకుని, వెనకవైపు ఒక్కో పాఠానికి ఒక్కో చీటీ రాసుకునేవారు. అందుకే ప్రతి చీటీ వెనకా గొడుగు బొమ్మలో ఒక ముక్క ఉంటుంది, ఒకదాని మీద పిడి, ఇంకోదాని మీద ఊచలు. మూడు వేల చీటీలు, ఓక్ చెక్క పెట్టెలో పేర్చి ఉండేవి.

1936 వసంతంలో వంతెన దగ్గర కనపడ్డారు. చుట్టూ ఒకసారి చూసి, చిన్న గొంతుతో అడిగారు. "పోల్ అమ్మాయీ, నన్ను లోపలికి రానివ్వడం లేదు. నా పెట్టె ఒకటి కిటికీ పక్క బీరువాలో ఉండిపోయింది. తెచ్చిపెడతావా? ఇంట్లో కూర్చుని పూర్తి చేసుకుంటా."

అప్పుడు నాకు ఇరవై ఒక్క ఏళ్ళు. ఆయనతో మాట్లాడుతుండగా ఎవరైనా చూస్తారేమోనని వంతెన రెండు వైపులా చూశాను. "ఆ పెట్టె చాలా బరువు సార్. నేను మొయ్యలేను," అన్నాను.

"అవునవును, బరువే," అన్నారాయన. నన్ను ఇబ్బంది పెట్టినందుకు క్షమించమని కూడా అన్నారు. ఆ మాట ఇప్పటికీ మింగుడు పడదు నాకు.

1941లో మృణాలికా కథ వచ్చింది. సంపాదకుడు ఓట్‌ఫ్రీడ్ క్రానెవిట్. ఆ పుస్తకంతోనే ఆయనకి ప్రొఫెసరు కుర్చీ వచ్చింది, ఆ పుస్తకంతోనే యుద్ధం తర్వాత ఊడిన కుర్చీ మళ్ళీ వచ్చింది, ఆ పుస్తకం చూసే ఇంగ్లండు వాళ్ళు పిలిచి పతకం వేశారు. పేజీ పేజీకీ గీత కింద తెలుగు ప్రతిలో పాఠాలు వందలకొద్దీ ఉంటాయి. 1942లో హిర్ష్‌లాండ్ గారినీ ఆయన భార్యనీ పట్టపగలు మా స్టేషన్లోనే రైలెక్కించారు. మళ్ళీ రాలేదు.

క్రానెవిట్ గారికి తెలుగు లిపిలో ఒక్క అక్షరం రాదు. మూడేళ్ళ కిందట మద్రాసు నుంచి ఒక పండితుడు వచ్చి, పట్టుగుడ్డలో చుట్టిన తాటాకు ఒకటి ఆయనకి బహూకరించాడు. ఈయన దాన్ని తలకిందులుగా పట్టుకుని, గడ్డం నిమురుకుంటూ రెండు నిమిషాలు చదివి, "అద్భుతమైన పాఠం" అన్నాడు. పండితుడు మర్యాదస్థుడు, నేల చూపులు చూశాడు. నేను ఆకు తీసుకుని తిన్నగా తిప్పి మళ్ళీ ఆయన చేతిలో పెట్టాను. అప్పుడైనా నోరు విప్పానా? కాఫీ పోశాను.

కార్బన్ కాపీ తీసుకుని క్రానెవిట్ గారి గదికి వెళ్ళాను. ప్లమ్ పళ్ళ కేకు తింటున్నారు. కాగితం బల్ల మీద పెడితే చూశారు. తడబడలేదు. పెదవులు తుడుచుకున్నారు.

"ఏంటమ్మాయీ ఇది, చెత్తబుట్టల్లో వెతుకుతున్నావా?"

"జాబితాలో అన్నీ ఉండాలన్నారు కదండీ. ఇది నాలుగు పేజీలుంది. మేకపిల్ల అరపేజీయే."

"చూడు, నీకు తెలీదు ఆ రోజులు."

"నేనూ ఇక్కడే ఉన్నానండీ ఆ రోజుల్లో."

"అయితే ఇంకా మంచిది, నీకే తెలియాలి. నేను రాయకపోతే ఇంకో దుర్మార్గుడు రాసేవాడు. నేను కాబట్టి మర్యాదగా రాశా. అతని చీటీలు తగలబెట్టేవాళ్ళు, నేను కాపాడా. లోకానికి ఆ గ్రంథం దక్కిందా లేదా? నాకు దణ్ణం పెట్టాల్సింది పోయి..." ఫోర్కుతో మరో ముక్క తీసుకున్నారు. "తాటాకులో పురుగు తిన్నచోట మనం ఏం చేస్తాం? చుక్కలు పెట్టి ఊరుకుంటాం. ఇదీ అంతే. చుక్కలు పెట్టు."

"పురుగు తింటే చుక్కలు పెడతామండీ. రాసినవాడే గీకేస్తే ఏం చెయ్యమని నేర్పారు మీరు?"

ఫోర్కు ఆగింది. ఆయన గొంతు మెత్తబడింది, అది ఇంకా భయం పుట్టిస్తుంది. "బుధవారం సభ ఉంది కదా అమ్మాయీ. నీ గురించి నాలుగు మంచి మాటలు రాసి పెట్టుకున్నా. నా కూతురైతే ఎలా రాస్తానో అలా రాశా. పరిశోధన చేయించినవాడు తండ్రే కదా మన దగ్గర. తండ్రి పుట్టినరోజు పాడు చేస్తావా?"

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది ఆయన ధోరణి. నేను పదిహేనేళ్ళు చాకిరీ చేసి సంపాదించుకున్నదాన్ని నాకే బహుమానంగా చూపిస్తున్నాడు. కాగితం మడిచి తీసుకుని బయటికొచ్చాను. ఆయన నేను ఒప్పుకున్నాననుకున్నారు. అనుకోవడంలో తప్పు లేదు, అంతకు ముందు ప్రతిసారీ ఒప్పుకున్నదాన్నే.

సన్మానం శనివారం పొద్దున పదకొండింటికి, మా పెద్ద తరగతి గదిలో. అరవై మంది వచ్చారు. క్రానెవిట్ గారు కొత్త సూటులో ముందు వరసలో కూర్చున్నారు, పక్కన భార్య, డీన్. తలుపు దగ్గర నోల్టే గారు కాఫీ కూజాలు సర్దుతోంది. లెంజ్ సంపుటం చేతికిచ్చి ఉపన్యాసం చేశాడు. "పాఠ పరిష్కారంలో నిజాయితీ అంటే ఏమిటో మా తరానికి చూపించిన మహనీయులు" అన్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతున్నట్టు క్రానెవిట్ గారు కళ్ళు మూసుకుని విన్నారు.

తర్వాత జాబితా చదవడం. పాత శిష్యుల్లో ముందు వచ్చినవాళ్ళు లేచి గట్టిగా చదవాలి, అంటే నేనే. ఒక్కొక్క సంవత్సరం అవగానే జనం వేలి కణుపులతో బల్ల మీద కొట్టాలి. మా విశ్వవిద్యాలయాల్లో చప్పట్లు కొట్టరు, బల్లలే కొడతారు.

అచ్చయిన పుస్తకం పక్కన పెట్టి నా కాగితాలు తీశాను. 1924 చదివాను. టకటకటక. 1925. టకటకటక. 1928 వచ్చేసరికి సగంమంది కిటికీలోంచి చూస్తున్నారు, చేతులు మాత్రం వాటంతటవే కొడుతున్నాయి. మేకపిల్లకి కొంచెం నవ్వు, ఎక్కువ టకటక. 1934.

"పంతొమ్మిది వందల ముప్పై అయిదు," అన్నాను. "డీన్ గారికి అభిప్రాయ పత్రం, నాలుగు పేజీలు. విషయం: యూదుడైన డాక్టర్ యూలియుస్ హిర్ష్‌లాండ్‌ను ఉద్యోగం నుంచి తొలగించి, గ్రంథాలయంలోకి రానివ్వకుండా చేసి, అతని చీటీలు స్వాధీనం చేసుకోవాలని."

టకటకటక.

దేవుడి మీద ఒట్టు, కొట్టారు. అరవై మందిలో యాభై మందైనా కొట్టారు. డీన్ కొట్టాడు. క్రానెవిట్ గారి భార్య చిరునవ్వుతో ఉంగరం వేలితో కొట్టింది. ఎవరూ వినలేదు, విన్నా వాళ్ళ చేతులు వినలేదు. ముప్పై అయిదులోనూ ఇలాగే కొట్టి ఉంటారని నాకప్పుడు అర్థమైంది. తర్వాత ఎక్కడో వెనక వరసలో ఒక చెయ్యి ఆగింది, దాని పక్కది ఆగింది, చివరికి ఒక ముసలాయన ఒక్కడే కొడుతూ మిగిలి, చుట్టూ చూసి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

లెంజ్ లేచాడు. "పోల్ గారూ, చాలు, కూర్చోండి."

"ఇంకా ఇరవై ఆరేళ్ళుంది లెంజ్ గారూ. మీరే కూర్చోండి." గబగబా చదివాను. "పంతొమ్మిది వందల నలభై ఒకటి. మృణాలికా కథ. సంపాదకుడు ఓట్‌ఫ్రీడ్ క్రానెవిట్. గీత కింద: ఈ గ్రంథ పాఠం మొత్తం యూలియుస్ హిర్ష్‌లాండ్ రాసిన మూడు వేల చీటీల నుంచి తీసుకున్నది. చీటీలు ఈ భవనంలోనే ఉన్నాయి, వెనక గొడుగు బొమ్మ చూసి గుర్తుపట్టవచ్చు."

క్రానెవిట్ గారు ఎర్రబడి లేచారు. "పిచ్చెక్కింది ఈవిడకి! అది నా రెక్కల కష్టం. ప్రతి అక్షరం నేను చదివి రాశా!"

పొద్దున్నే పెట్టెలోంచి తీసుకున్న చీటీ ఒకటి నా జేబులో ఉంది. హిర్ష్‌లాండ్ గారు తాటాకు చూసి, మిగతా చీటీల్లా మా అక్షరాల్లో కాకుండా తెలుగు లిపిలోనే రెండు పంక్తులు దించుకున్న చీటీ. వెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. "అయితే చదవండి ప్రొఫెసర్ గారూ. రెండే పంక్తులు. నన్ను అబద్ధాలకోరుని చెయ్యండి."

ఆయన చీటీ వంక చూశారు. దూరం పెట్టి చూశారు. వెనక్కి తిప్పితే గొడుగు పిడి కనపడింది, మళ్ళీ ఇటు తిప్పారు.

"కళ్ళజోడు తెచ్చుకోలేదు," అన్నారు.

కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. ఎవరూ నవ్వలేదు. తలుపు దగ్గర నోల్టే గారు మాత్రం, "ఉంది కదండీ, పెట్టుకునే ఉన్నారు," అంది, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

నేను నా చోటుకి తిరిగొచ్చాను. కాగితం మీద ఇంకొక్క పంక్తి మిగిలింది. అది రాయడానికి రెండు రోజులు పట్టింది. చదవకుండా కూర్చుందామని కూడా అనిపించింది, ఎందుకంటే అప్పటికే గెలిచినట్టుంది. కానీ మిగతావాళ్ళవి చదివి నాది మింగేస్తే నేనూ ఆ బల్లలు కొట్టేవాళ్ళలో ఒకదాన్నే.

"గీత కింద ఇంకొకటి," అన్నాను. "పంతొమ్మిది వందల ముప్పై ఆరు, ఏప్రిల్. హిర్ష్‌లాండ్ గారు ఆ పెట్టె తెచ్చిపెట్టమని ఒక విద్యార్థినిని అడిగారు. ఆమె తేలేదు. ఇర్మ్‌ట్రాట్ పోల్."

అప్పుడు ఎవరూ బల్ల కొట్టలేదు.

బుధవారం సంగతి అందరూ ఊహించిందే. పదకొండు మంది వద్దన్నారు, ఒకాయన ఎటూ చెప్పలేదట. నాకు ఉత్తరం రాసింది లెంజే. పెద్దల పట్ల గౌరవం లేనివారు విద్యార్థులకి ఆదర్శం కాలేరని రాశాడు. క్రానెవిట్ గారు ఆరోగ్యం బాగోక విశ్రాంతి తీసుకుంటున్నారని పేపర్లో వేశారు, పతకం పతకంలాగే ఉంది. నేను ఇప్పుడు పక్క ఊరి బడిలో ఆడపిల్లలకి లాటిన్ చెబుతున్నాను. ఉతికి ఆరేస్తే ఏం మిగిలిందని నోల్టే గారు అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

ఒకటి మాత్రం ఉంది. ఆ శనివారం కాఫీ తాగకుండా నేను తిన్నగా క్రానెవిట్ గారి గదికి వెళ్ళి, కిటికీ పక్క బీరువా తెరిచి, ఓక్ పెట్టె బయటికి తీశాను. ఎవరూ ఆపలేదు. పట్టపగలు, బజారులో కూరగాయలవాళ్ళ మధ్య నుంచి, వంతెన మీదుగా, హిర్ష్‌లాండ్ గారి ఇంటిదాకా నడిచాను. ఏడు నిమిషాలు పట్టింది. ఆ ఇంట్లో ఇప్పుడు పళ్ళ డాక్టరు ఉంటున్నాడు. పెట్టె ఇచ్చేందుకు ఎవరూ లేరని తెలుసు, అయినా గుమ్మం ముందు దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

మధ్యలో ఎక్కడా కిందికి దించలేదు. చెయ్యి మార్చుకోలేదు. నలభై ఆరేళ్ళ దాన్ని, ఆయాసం కూడా రాలేదు. ఆ పెట్టె అసలు బరువే లేదు.